రోజూ పరుగెత్తుతున్నా టైమింగ్ ఎందుకు తగ్గదు?

పోలీసు ఉద్యోగాలకు నోటిఫికేషన్ రావచ్చన్న మాట వినిపిస్తే చాలు, విజయవాడ, గుంటూరు గ్రౌండ్లలో తెల్లవారుజామున జనం పెరుగుతారు. ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో వాకింగ్‌కు వచ్చిన పెద్దవాళ్లను దాటుకుంటూ కుర్రాళ్లు దూసుకుపోతుంటారు. గుంటూరు బి.ఆర్. స్టేడియంలోనూ అదే తీరు. ఆఖరి రౌండ్ అయిపోగానే మోకాళ్ల మీద చేతులాన్చి వంగిపోతారు. ఊపిరి అందకముందే ఫోన్ తీసి స్టాప్‌వాచ్ చూసుకుంటారు. మొదటి నెలలో టైమింగ్ చకచకా తగ్గుతుంది. ఆ తర్వాత ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. దమ్ము చాలడం లేదని కోచ్, మనసు పెట్టడం లేదని స్నేహితులు, తిండి సరిపోవడం లేదని అమ్మ అంటారు. ఇంకో నెల గడిస్తే గ్రౌండ్‌కు వెళ్లడమే బరువవుతుంది.

వేగం పెరగకపోవడం శరీరానికి సంబంధించిన సమస్యలా, ఉత్సాహం తగ్గడం మనసుకు సంబంధించినదిలా కనిపిస్తాయి. చాలామంది విషయంలో రెండింటి మూలం ఒకటేనని నా అభిప్రాయం: ప్రాక్టీసును రోజూ పరీక్షలా పరుగెత్తడం. అదెలాగో తెలియాలంటే ముందు కొంచెం లెక్క, ఆ తర్వాత కొంచెం శరీరశాస్త్రం కావాలి.

8 నిమిషాలంటే ఎంత వేగం?

2022 నవంబరు నాటి ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం 1600 మీటర్ల పరుగుకు జనరల్ పురుష అభ్యర్థులకు ఇచ్చిన గడువు 8 నిమిషాలు, మహిళలకు 10 నిమిషాల 30 సెకన్లు. 100 మీటర్లకు పురుషులకు 15 సెకన్లు, మహిళలకు 18 సెకన్లు.

1600 మీటర్లకు 8 నిమిషాలంటే నిమిషానికి 200 మీటర్లు, గంటకు 12 కిలోమీటర్లు. 400 మీటర్ల ట్రాక్ మీద రౌండుకు సరిగ్గా 2 నిమిషాలు. మహిళల గడువులో రౌండుకు 2 నిమిషాల 37 సెకన్లకు కాస్త పైన వస్తుంది. ఇక 100 మీటర్లు 15 సెకన్లలో అంటే గంటకు 24 కిలోమీటర్లు. అంటే 100 మీటర్లు కూడా పరుగెత్తేవాడిని ఒకే నోటిఫికేషన్ రెండు వేగాలు అడుగుతోంది, రెండోది మొదటిదానికి సరిగ్గా రెట్టింపు. ఆ రెండింటికీ శరీరం వాడే ఇంధనం ఒకటి కాదు, కావలసిన సాధన కూడా ఒకటి కాదు.

మిగతా ఉద్యోగాల సంగతి చూస్తే తేడా ఇంకా పెరుగుతుంది. కేంద్ర బలగాల్లో చేరడానికి పెట్టే ఎస్సెస్సీ జీడీ కానిస్టేబుల్ పరీక్షలో పురుషులు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పూర్తిచేయాలి. వేగం గంటకు 12.5 కిలోమీటర్లే గానీ దూరం మూడు రెట్లకు పైగా ఉంది. సైన్యంలో అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లకు పూర్తి మార్కులు కావాలంటే 5 నిమిషాల 30 సెకన్లలోపు రావాలి. అంటే రౌండుకు 82 సెకన్ల చిల్లర, గంటకు పదిహేడున్నర కిలోమీటర్ల వేగం. ఈ మూడింటికీ కలిపి 'రన్నింగ్ ప్రాక్టీస్' అని ఒకే పేరు పెట్టుకుని, ఒకే గ్రౌండ్‌లో, ఒకే బ్యాచ్‌లో, ఒకే తీరున పరుగెత్తడం చాలాచోట్ల కనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

కాళ్లు వేగంగా ఆడితే సరిపోతుందా?

పరుగు వేగాన్ని రెండు అంకెల గుణకారంగా చెప్పొచ్చు: అడుగు పొడవు, నిమిషానికి వేసే అడుగుల సంఖ్య. నిమిషానికి 200 మీటర్లు వెళ్లాలంటే 160 అడుగులు వేసేవాడి ఒక్కో అడుగు 1.25 మీటర్లు ఉండాలి. 170 వేసేవాడికి 1.18 మీటర్లు చాలు. రెండు దారులూ గమ్యం చేరుస్తాయి.

నిమిషానికి 180 అడుగులు వేయాలన్న మాట యూట్యూబ్‌లో బాగా తిరుగుతోంది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పరుగు వీరులను గమనించిన అమెరికన్ కోచ్ జాక్ డేనియల్స్ చెప్పిన సంగతి అది. వాళ్లలో దాదాపు అందరూ 180 గానీ అంతకుమించి గానీ అడుగులు వేస్తున్నారని ఆయన లెక్కగట్టారు. కానీ వాళ్లు ప్రపంచంలోనే మేటి క్రీడాకారులు, పైగా పోటీలో ఉన్నారు. పొద్దున్నే నిదానంగా నాలుగు కిలోమీటర్లు పరుగెత్తే కుర్రాడు అదే అంకె పట్టుకుని వేలాడక్కర్లేదు.

100 మీటర్ల సంగతి వేరు. శాస్త్రవేత్త పీటర్ వేయాండ్ బృందం 2000లో ప్రచురించిన పరిశోధనలో తేలిందేమిటంటే, వేగంగా పరుగెత్తేవాళ్లు గాల్లో కాళ్లను మిగతావాళ్లకన్నా మరీ త్వరగా ఆడించేదేమీ లేదు. నేలను ఎక్కువ బలంతో తన్నడంలోనే తేడా ఉంది. అందుకే 100 మీటర్ల టైమింగ్‌కు గుంజీలు, గెంతులు, మెట్లెక్కడం లాంటి బలం పెంచే సాధన పనికొస్తుంది. ప్రకాశం బ్యారేజీ మీద అటూ ఇటూ ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తినా దానికి పెద్దగా కలిసొచ్చేది లేదు.

దమ్ము అనేది ఒకటి కాదు, మూడు

400 మీటర్ల పరుగులో శరీరం వాడే శక్తిలో సగానికి కాస్త తక్కువే ఆక్సిజన్ ద్వారా వస్తుంది. 1500 మీటర్లకు వచ్చేసరికి ఆ వాటా 80 శాతం దాటుతుంది. కాబట్టి చూడటానికి చిన్న దూరంగా కనిపించే 1600 మీటర్లు, లోపల జరిగే పనిని బట్టి చూస్తే దూరపు పరుగుల కోవలోకే వస్తాయి.

మన గ్రౌండ్లలో 'దమ్ము' అని ఒక్క ముక్కలో తేల్చేసేది నిజానికి మూడు విషయాల కలయిక. శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదన్నది మొదటిది. ఆ గరిష్ఠానికి ఎంత దగ్గరగా ఎక్కువసేపు నిలబడగలమన్నది రెండోది. మూడోది బండికి మైలేజీ లాంటిది: అదే వేగానికి ఎంత తక్కువ ఆక్సిజన్ ఖర్చవుతోందన్నది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు మొదటి నెలల్లో మొదటిది గబగబా పెరుగుతుంది, టైమింగ్ కూడా అలాగే తగ్గుతుంది. మిగతా రెండూ నెలలు, సంవత్సరాల మీద పెరిగేవి. టైమింగ్ ఆగిపోయిందని గాబరా పడేది సరిగ్గా ఈ మలుపులోనే. శరీరం పని ఆపేయలేదు, నెమ్మదిగా పెరిగే వాటి వంతు వచ్చిందంతే.

గట్టిగా పరుగెత్తినప్పుడు కండరాల్లో తయారయ్యే లాక్టిక్ యాసిడ్ మీద కూడా అక్కరలేని నింద ఉంది. మర్నాడు పిక్కలు పట్టేయడానికి అదే కారణమని ఇప్పటికీ చెబుతుంటారు. పరుగు ఆపిన గంట, రెండు గంటల్లోనే అది రక్తంలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. పైగా కండరాలు, గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. మర్నాటి నొప్పి, అలవాటులేని శ్రమతో కండరాల పోగుల్లో వచ్చే సూక్ష్మమైన గాయాల వల్ల కలుగుతుంది.

నిదానంగా పరుగెత్తి వేగం పెంచుకోవడమా?

కోచ్‌ల మధ్య డెబ్బై ఏళ్లుగా నలుగుతున్న వాదన ఇది.

ఒక పక్షానికి పెద్దదిక్కు న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్. 800 మీటర్ల పరుగువీరుడి చేత కూడా వారానికి 160 కిలోమీటర్ల స్థాయిలో పరుగెత్తించిన మనిషి. ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచాక ఆ పద్ధతికి ప్రపంచమంతా పేరొచ్చింది. రెండో పక్షానికి ఉదాహరణ ఎమిల్ జాటోపెక్. చిన్న దూరాలను వేగంగా, మధ్యలో కాస్త నిదానిస్తూ, లెక్కలేనన్నిసార్లు పరుగెత్తిన ఈ చెక్ క్రీడాకారుడు 1952 హెల్సింకీలో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచాడు. దీన్నే ఇంటర్వల్ పద్ధతి అంటున్నాం.

తర్వాతి కాలంలో శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్, మేటి దూరపు క్రీడాకారుల సాధన ఎలా సాగుతోందో పరిశీలించారు. దాదాపు 80 శాతం తేలిక వేగంలో, 20 శాతం గట్టి వేగంలో సాగుతోందని చెప్పారు. 80–20 సూత్రంగా ప్రచారమైంది ఇదే. దీనికి అభ్యంతరాలూ ఉన్నాయి. వారానికి పది, పన్నెండు గంటలు సాధన చేసేవాళ్ల నిష్పత్తి, మూడు గంటలు కూడా తీరికలేని డిగ్రీ విద్యార్థికి ఎందుకు వర్తించాలి? తక్కువ సమయం ఉన్నవాళ్లకు ఇంటర్వల్సే త్వరగా ఫలితం చూపిస్తాయన్న పరిశోధనలు చాలానే ఉన్నాయి. అయితే ఆ ఫలితం త్వరగానే తన హద్దుకు చేరుతుందనీ, గట్టి పరుగులే ఎక్కువైతే గాయాలు పెరుగుతాయనీ అవతలి పక్షం జవాబు.

విచిత్రమేమిటంటే ఈ ఇద్దరూ ఒక విషయంలో ఏకమవుతారు. మరీ తేలికా కాని, గట్టిదీ కాని మధ్యస్థ వేగంలో రోజూ ఒకేలా పరుగెత్తడం వృథా అని రెండు పక్షాలూ అంటాయి. మన గ్రౌండ్లలో ఎక్కువగా జరిగేది అదే.

ఊహకు ఒక అభ్యర్థిని తీసుకుందాం. పేరు శీను అనుకోండి, 1600 మీటర్లకు 8 నిమిషాల 40 సెకన్లు పడుతోంది. అంటే రౌండుకు 130 సెకన్లు. కావలసింది 120. శీను రోజూ 1600 మీటర్లు ఉన్న శక్తినంతా పెట్టి పరుగెత్తి, టైమింగ్ చూసుకుని ఇంటికి పోతాడు. వారానికి ఆరు రోజులు కలిపినా పది కిలోమీటర్లు దాటదు. గుండె, ఊపిరితిత్తులు పెరగడానికి ఆ దూరం చాలదు. లక్ష్య వేగమైన 2 నిమిషాల రౌండ్‌లో కాళ్లు గడిపే సమయం కూడా తక్కువే, ఎందుకంటే మొదటి రౌండ్ తర్వాత వేగం పడిపోతుంది.

అదే శీను వారంలో ఒకరోజు 400 మీటర్లను 2 నిమిషాల్లో పరుగెత్తి, రెండు నిమిషాలు నడిచి, అలా ఆరుసార్లు చేశాడనుకుందాం. లక్ష్య వేగంలో 2,400 మీటర్లు పూర్తయ్యాయి. ఏకబిగిన పరుగెత్తితే అతనికి ఇది సాధ్యమయ్యేది కాదు. మరో మూడు రోజులు మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత తేలికగా, కిలోమీటరుకు 7 నుంచి ఏడున్నర నిమిషాల చొప్పున నాలుగైదు కిలోమీటర్లు వెళ్తాడు. ఆ వేగం ఎంత నిదానమో తెలియాలంటే ప్రకాశం బ్యారేజీ లెక్క చూడండి. దాదాపు 1,220 మీటర్ల బ్యారేజీని పరీక్ష వేగంలో దాటితే 6 నిమిషాల చిల్లర పడుతుంది, ఈ తేలిక వేగంలో 9 నిమిషాలు. పక్కనుంచి వేరేవాళ్లు దాటిపోతుంటే ఆ తొమ్మిది నిమిషాలు ఓపిక పట్టడమే శీనుకు అసలు కష్టం.

మొదటి రౌండ్ చేసే నష్టం

సాధన ఎలా ఉన్నా, పరీక్షలో ఎక్కువమందిని దెబ్బతీసేది మొదటి 400 మీటర్లు. గుంపు ఒక్కసారిగా పరుగందుకుంటుంది, టెన్షన్, పక్కవాడు ముందుకు పోతున్నాడన్న కంగారు. మొదటి రౌండ్ 1:40, రెండోది 2:05, మూడోది 2:20, నాలుగోది 2:30. కూడితే 8:35, గడువు దాటిపోయింది. మొదటి రౌండ్‌లో సంపాదించిన 20 సెకన్లకు తర్వాతి మూడు రౌండ్లలో 55 సెకన్లు పోయాయి. ఆ మొదటి రౌండ్ వేగం గంటకు 14 కిలోమీటర్లు దాటుతుంది. ఆక్సిజన్‌తో తీరని ఆ అవసరాన్ని కండరాలు వేరే దారిలో తీర్చుకుంటాయి, దాని ఫలితమే మూడో రౌండ్‌లో కాళ్లు బరువెక్కడం. అదే కుర్రాడు 1:58 తో మొదలుపెట్టి ఉంటే గడువు అందేదేమో. కచ్చితంగా అందేదని చెప్పలేం గానీ అవకాశం మాత్రం బాగా పెరిగేది.

మే నెల టైమింగ్, డిసెంబరు టైమింగ్

కృష్ణ ఒడ్డున పరుగెత్తేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. ఎండాకాలంలో తెల్లవారుజామున ఎండ ఉండదు గానీ ఉక్క ఉంటుంది. చెమట ఒంటిని చల్లబరిచేది ఆరినప్పుడే. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట కారిపోతుందే తప్ప ఆరదు. ఒంట్లో వేడిని బయటికి పంపడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం తోడుతుంది, కాళ్ల వాటా తగ్గుతుంది. కాబట్టి అదే ప్రయత్నానికి మే నెలలో టైమింగ్ మందగించడం సహజం. దాన్ని వెనుకబాటుగా లెక్కేసుకుని ఇంకా గట్టిగా పరుగెత్తడం వడదెబ్బకు దారి.

వేడికి శరీరం అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ వ్యవధిలో రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. నెల్లాళ్లు మానేస్తే ఆ అలవాటు చాలావరకు పోతుంది.

విశ్రాంతి వల్ల వేగం పెరగడం

సాధన చేస్తున్నప్పుడు శరీరం బలపడదు, అలిసిపోతుంది. బలపడేది కోలుకునేటప్పుడు. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఇంగ్లండ్ పరుగువీరుడు రోజర్ బ్యానిస్టర్. ఆయన పరుగెత్తిన మైలు దాదాపు 1609 మీటర్లు, మన కానిస్టేబుల్ పరుగుకు 9 మీటర్లే ఎక్కువ. 1954లో 4 నిమిషాల లోపు మైలు కోసం సాధన చేస్తూ, మైలులో నాలుగో వంతును పదిసార్లు పరుగెత్తడంలో ఒక్కోదానికి 61 సెకన్ల దగ్గర ఇరుక్కుపోయారు. ఎంత ప్రయత్నించినా తగ్గలేదు. అన్నీ వదిలేసి కొన్ని రోజులు స్కాట్లాండ్ కొండలెక్కడానికి వెళ్లారు. తిరిగొచ్చాక అదే సాధనలో 59 సెకన్లు వచ్చింది. మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో 3 నిమిషాల 59.4 సెకన్లలో మైలు పూర్తిచేశారు.

కొండలెక్కడం కూడా విశ్రాంతేనా అని అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. కానీ రోజూ స్టాప్‌వాచ్‌తో చేసే యుద్ధం నుంచి మాత్రం అది విశ్రాంతే. మోకాలి కింద ముందు ఎముక నొప్పితో ఆరు వారాలు మంచానికి అతుక్కున్నవాళ్లలో చాలామంది, అంతకుముందు ఆరు రోజులు ఆగి ఉంటే సరిపోయేది.

ఉత్సాహం ఎందుకు ఆవిరవుతుంది?

2022 నోటిఫికేషన్‌కే మళ్లీ వద్దాం. ప్రిలిమ్స్, అంటే తొలి రాతపరీక్ష, 2023 జనవరిలో జరిగింది. ఈవెంట్స్, అంటే పరుగు లాంటి శారీరక పరీక్షలు, మొదలైంది 2024 డిసెంబరు చివర్లో. మధ్యలో దాదాపు రెండేళ్లు. తేదీ తెలియని పరీక్ష కోసం రెండేళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకు లేవమంటే ఎవరి ఉత్సాహమైనా నీరుగారుతుంది. దాన్ని బద్ధకం అనడం అన్యాయం.

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డీసీ, రిచర్డ్ రయాన్ సిద్ధాంతం ప్రకారం ఎవరికైనా ఒక పని మీద ఆసక్తి నిలవాలంటే మూడు కావాలి: అది తన ఇష్టంతో చేస్తున్నానన్న భావన, తను మెరుగవుతున్నానన్న భావన, తోడున్నారన్న భావన. రోజూ పరీక్ష పెట్టుకునేవాడికి మొదట దెబ్బతినేది రెండోది. అలసట, నిద్ర, ఉక్క, రాత్రి తిన్న బిర్యానీ అన్నీ కలిసి రోజువారీ టైమింగ్‌ను పది, పదిహేను సెకన్లు అటూ ఇటూ ఊపుతాయి. నెలకు పది సెకన్లు మెరుగవుతున్నా, ఈ ఊగిసలాటలో అది కనబడదు. వారంలో సగం రోజులు ఓడిపోయినట్టే ఉంటుంది. మూడు నాలుగు వారాలకోసారి, ఒకే వేళ, బాగా నిద్రపోయిన మర్నాడు కొలిచేవాడికి అదే మెరుగుదల స్పష్టంగా కనిపిస్తుంది.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందన్న మాట కూడా ఇక్కడ కీడే చేస్తుంది. అది 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాసిన పరిశీలన నుంచి పుట్టిన ప్రచారం. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం నిజంగా కొలిచి చూస్తే సగటున 66 రోజులు పట్టింది. మనిషినీ పనినీ బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒకరోజు మానేసినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా అదే అధ్యయనం తేల్చింది. ఇరవై రెండో రోజున కూడా లేవబుద్ధి కానివాడిలో లోపమేమీ లేదు.

లక్ష్యం విషయంలో రెండు అభిప్రాయాలున్నాయి. ఉద్యోగం, యూనిఫాం లాంటి పెద్ద లక్ష్యం కళ్ల ముందుంటేనే కసి పుడుతుందని కోచింగ్ సెంటర్ల నమ్మకం. దాన్ని కొట్టిపారేయలేం, నెలాఖరు ఖర్చులు వెంటాడే ఇంట్లో ఆ కసి నిజమైనదే. కానీ ఫలితం మన చేతుల్లో లేనప్పుడు అదే లక్ష్యం గాలి తీసేస్తుంది. ఫలితం ఎలా చేయిదాటిపోతుందో విశాఖపట్నం హర్డిల్స్ క్రీడాకారిణి జ్యోతి యర్రాజీ అనుభవంలో చూడొచ్చు. ఆమె గుంటూరులోనూ కొంతకాలం శిక్షణ తీసుకున్నారు. 100 మీటర్ల హర్డిల్స్‌లో జాతీయ రికార్డు 2002 నుంచి 13.38 సెకన్ల దగ్గరే ఉండేది. 2020 జనవరిలో ఆమె 13.03 పరుగెత్తినా, డోప్ పరీక్ష జరగలేదన్న కారణంతో దాన్ని రికార్డుగా లెక్కించలేదు. 2022 ఏప్రిల్‌లో 13.09 వచ్చింది. ఈసారి వెనుక గాలి సెకనుకు 2.1 మీటర్లు, నిబంధన ప్రకారం అది 2.0 దాటకూడదు. మళ్లీ రికార్డు దక్కలేదు. మే నెలలో సైప్రస్‌లో 13.23 తో చివరికి రికార్డు ఆమె పేరు మీదికి వచ్చింది. గుర్తింపు దక్కిన ఆ పరుగు అంతకుముందు రెండింటికన్నా నెమ్మది! అదే ఏడాది అక్టోబరులో 12.82 పరుగెత్తి, గాలి నిబంధనకు లోబడి 13 సెకన్ల లోపు వచ్చిన తొలి భారత మహిళ అయ్యారు.

ఇక తోడు సంగతి. బ్యాచ్‌గా పరుగెత్తితే మానేయడం తగ్గుతుంది, నాలుగున్నరకు గేటు దగ్గర స్నేహితుడు నిలబడి ఉంటే లేవక తప్పదు. అయితే అదే బ్యాచ్ తేలిక రోజును పందెంగా మార్చేస్తుంది. ఏడున్నర నిమిషాల వేగంతో మొదలైన గుంపు రెండో కిలోమీటరుకల్లా ఆరు నిమిషాల వేగంలో ఉంటుంది, ఎవరూ అడగకుండానే. కొన్ని బ్యాచ్‌లు దీనికొక ఉపాయం కనిపెట్టాయి. తేలిక రోజుల్లో అందరికన్నా నిదానమైనవాడిని ముందు పెడతాయి, అతన్ని దాటకూడదన్నది షరతు. ఫోన్లు బ్యాగుల్లోనే ఉంటాయి. ఇంటర్వల్ రోజున మాత్రం స్టాప్‌వాచ్ బయటికొస్తుంది, ఎవరి వేగం వాళ్లది.